అమెరికా ఊళ్లో శ్వేతేతరుల బుక్ క్లబ్: గది, కాపీలు, మాట పద్ధతి

మీరుండే అమెరికా ఊళ్లో నల్లజాతివాళ్లు, లాటినోలు, నేటివ్ అమెరికన్లు, అరబ్బులు, మనలాంటి ఆసియావాళ్లు కలిసి నెలకో పుస్తకం చదివి మాట్లాడుకునే క్లబ్ పెట్టాలంటే ఏమేం చేయాలో ఇక్కడ వరసగా ఉంది. చదవాల్సిన పుస్తకాల జాబితా మాత్రం లేదు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. క్లబ్బులు మూతపడేది మంచి పుస్తకాలు లేక కాదు. సమయానికి గది దొరకదు, సగంమంది చేతిలో కాపీ ఉండదు, ఒకే మనిషి అరగంట మాట్లాడతాడు, ఒకరి జాతి గురించి ఇంకొకరు నోరు జారతారు. మూతపడేది వీటివల్ల.

తెలుగు సాహిత్య బృందాల్లో తిరిగిన అనుభవం ఉంటే అది సగమే పనికొస్తుంది. డిట్రాయిట్ తెలుగు సాహితీ సమితి లాంటివి ఏళ్లుగా పుస్తక చర్చలు నడుపుతున్నాయి, నిజమే. కానీ అక్కడ భాష ఒకటి, చిన్నప్పటి చదువులు ఇంచుమించు ఒకటి. ఇక్కడ అందరికీ ఉమ్మడిగా ఉన్నది తెల్లవాళ్లు కాకపోవడమే. అది చాలు, అందరి అనుభవమూ ఒకటే అనుకుని మొదలుపెడితే మూడో మీటింగ్‌కే బెడిసికొడుతుంది.

ముందుగా ముగ్గురు మనుషులు, ఒక పేరా

మొదటి మీటింగ్‌కు ఎనిమిది వారాల ముందు పని మొదలుపెట్టండి. నిర్వాహకులు ముగ్గురు కావాలి. ఒక్కరే అయితే వాళ్లకు జ్వరం వచ్చిన నెల మీటింగ్ ఉండదు. ఆరుగురైతే తేదీ ఎప్పటికీ కుదరదు. ముగ్గురిలో ఒకరు గది, తేదీల సంగతి చూడాలి. ఒకరు పుస్తకాల కాపీలు, ఒకరు ఈమెయిళ్లు, కొత్తగా వచ్చేవాళ్ల సంగతి. చర్చ నడపడం వేరే పని, అది నెలనెలా చేతులు మారాలి.

ముగ్గురూ ఒకే సమాజంవాళ్లు కాకుండా చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ముగ్గురు తెలుగువాళ్లు కలిసి ‘శ్వేతేతరులందరికీ స్వాగతం’ అని పోస్టర్ వేస్తే వచ్చేది మీ వాట్సాప్ గ్రూపే. ఇంకో సమాజంవాళ్లను తర్వాత చేర్చుకుందాం అనుకోవద్దు. అన్నీ నిర్ణయమైపోయాక పిలిస్తే వాళ్లు అతిథులే అవుతారు, సొంతదారులు కారు.

ముగ్గురూ కూర్చుని ఒక పేరా రాయండి. ఎవరికోసం, ఎప్పుడు, ఏం చదువుతాం, చదవకపోతే రావచ్చా, డబ్బు ఎంత? ఈ ఐదింటికీ అందులో జవాబు ఉండాలి. మాదిరికి ఇలా:

‘శ్వేతేతర పాఠకుల అనుభవాలను మధ్యలో పెట్టుకుని నడిచే బుక్ క్లబ్ ఇది. ప్రతి నెలా మూడో ఆదివారం మధ్యాహ్నం 2 గంటల నుంచి 3:45 దాకా. శ్వేతేతర రచయితల పుస్తకాలే చదువుతాం. పుస్తకం పూర్తి కాకపోయినా రావచ్చు, కథ మాత్రం బయటపడుతుంది. ఫీజు లేదు.’

తెల్లవాళ్లు రావచ్చా?

ఈ ప్రశ్న మొదటి వారంలోనే వస్తుంది. తరచుగా ఏ సభ్యురాలి భర్త గురించో వస్తుంది. జవాబు మీ ఇష్టం మీద కన్నా మీరు ఎంచుకున్న గది మీద ఆధారపడి ఉంటుంది.

పబ్లిక్ లైబ్రరీ గది తీసుకుంటే చాలాచోట్ల ‘మీటింగ్ అందరికీ తెరిచి ఉండాలి’ అన్నది నియమావళిలోనే ఉంటుంది. ప్రభుత్వ డబ్బుతో నడిచే గదిలో జాతిని బట్టి తలుపు మూస్తే లైబ్రరీ చట్టపరమైన చిక్కుల్లో పడుతుంది. మీ బుకింగ్ రద్దవుతుంది. కెఫేలకు జాతి వివక్షను నిషేధించే 1964 పౌర హక్కుల చట్టం వర్తిస్తుంది. పుస్తకాల షాపులకూ వర్తించే ఇలాంటి చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. కాబట్టి బహిరంగ స్థలంలో ‘శ్వేతేతరులకు మాత్రమే’ అని రాయకండి. ‘శ్వేతేతర పాఠకుల కోసం’, ‘వాళ్ల అనుభవాలను మధ్యలో పెట్టుకుని’ అని రాయండి. వచ్చేవాళ్లలో తొంభై శాతం మందికి విషయం అర్థమవుతుంది.

ఈ నియమం మీద విసుక్కునే ముందు అది ఎలా వచ్చిందో గుర్తు చేసుకోవడం మంచిది. 1939 ఆగస్టు 21న వర్జీనియాలోని అలెగ్జాండ్రియా లైబ్రరీకి ఐదుగురు నల్లజాతి యువకులు ఒకరి తర్వాత ఒకరు వెళ్లి కార్డు అడిగారు. ఇవ్వనన్నారు. ఒక్కొక్కరూ అల్మారాలోంచి ఓ పుస్తకం తీసుకుని వేరువేరు బల్లల దగ్గర కూర్చుని మౌనంగా చదువుకున్నారు. పోలీసులు అరెస్టు చేశారు. దీని వెనకున్న వకీలు శామ్యూల్ విల్బర్ట్ టక్కర్. నగరం తలుపులు తెరవలేదు సరికదా, మరుసటి ఏడు నల్లవాళ్లకు విడిగా చిన్న లైబ్రరీ కట్టించింది. 1961 మార్చిలో మిసిసిపీ రాజధాని జాక్సన్‌లో టూగలూ కాలేజీ విద్యార్థులు తొమ్మిదిమంది అలాగే కూర్చుని చదివి జైలుకెళ్లారు. ‘అందరికీ తెరిచి ఉండాలి’ అన్న మాట ఇలా సాధించుకున్నది.

అచ్చంగా శ్వేతేతరులే ఉన్న చోటే నోరు విప్పగలం అనేవాళ్లు ఉంటారు. అదీ న్యాయమే. వాళ్లకోసం ఎవరి ఇంట్లోనైనా ప్రైవేటుగా కలుసుకోండి. ఇంటికి ఎవరిని పిలవాలన్నది మీ ఇష్టం. నెలనెలా లైబ్రరీలో బహిరంగ మీటింగ్, మూడు నెలలకోసారి ఇంట్లో భోజనంతో చిన్న సమావేశం: ఈ రెండంచెల పద్ధతి బాగా నడుస్తుంది. మొదటి మూడు నెలలు మాత్రం ఇళ్ల జోలికి పోవద్దు. ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంటికి ఒంటరిగా రావడానికి, ముఖ్యంగా ఆడవాళ్లు, వెనకాడతారు.

బహిరంగ మీటింగ్‌కు వచ్చిన తెల్లవాళ్లకు విడిగా రూల్స్ పెట్టొద్దు. కింద చెప్పబోయే మాట పద్ధతి అందరికీ ఒకటే. దాన్ని నిక్కచ్చిగా అమలు చేస్తే చాలు.

గది

లైబ్రరీ గదులు సాధారణంగా ఉచితం. కార్డున్న పెద్దవాళ్లు ఎవరైనా బుక్ చేయొచ్చు. ఎన్ని రోజుల ముందు బుక్ చేయనిస్తారో ఊరిని బట్టి మారుతుంది. 30 రోజులు కొన్నిచోట్ల, 90 కొన్నిచోట్ల. ఏడాది మొత్తానికి ఒకేసారి ఇవ్వరు కనక బుకింగ్ మొదలయ్యే రోజును క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. ఆదివారం గదులకు గిరాకీ ఎక్కువ. కొన్ని శాఖలు అసలు ఆదివారం తెరవవు.

బుక్ చేసే ముందు వెళ్లి చూడండి. కుర్చీలు కదపగలమా లేక సినిమాహాల్లా బిగించి ఉన్నాయా? గుండ్రంగా కూర్చోలేని గదిలో చర్చ ఉపన్యాసమైపోతుంది. తిండి తేవచ్చా? వీల్‌ఛైర్ వెళ్తుందా? బస్సు ఉందా? కారు లేనివాళ్లు రాలేని చోట పెడితే ఊళ్లో ఒక వర్గాన్ని తెలియకుండానే తీసేసినట్టు. మూసే సమయానికి పావుగంట ముందే గది ఖాళీ చేయమంటారు, అదీ లెక్కలో వేసుకోండి.

లైబ్రరీ కుదరకపోతే నల్లజాతి చర్చిల ఫెలోషిప్ హాళ్లు, కమ్యూనిటీ సెంటర్లు, శ్వేతేతరులు నడిపే పుస్తకాల షాపులు అడగండి. 1960లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలై ఇప్పుడు ఓక్లాండ్‌లో నడుస్తున్న మార్కస్ బుక్స్ లాంటి షాపులు మొదటినుంచీ అమ్మకంతో పాటు నలుగురు కలిసే చోట్లు కూడా. షాపులో కలిస్తే మర్యాదకు కొన్ని కాపీలు అక్కడే కొనాలి.

పుస్తకాన్ని ఎంచుకోవడం

మూడు పుస్తకాలు ఒకేసారి నిర్ణయించండి. నెలనెలా ఓటింగ్ పెడితే చదవడానికి మూడు వారాలే మిగులుతాయి. సూచించేవాళ్లు పేరుతో పాటు నాలుగు వివరాలు తేవాలి. పేజీలు ఎన్ని? పేపర్‌బ్యాక్ వచ్చిందా? మన లైబ్రరీలో కాపీలు ఎన్ని? ఆడియో ఉందా? తాను కనీసం 50 పేజీలు చదవని పుస్తకాన్ని ఎవరూ సూచించకూడదు. ఈ ఒక్క షరతుతో జాబితా సగానికి తగ్గుతుంది.

320 పేజీలు దాటొద్దు. రోజుకు 12 పేజీలు చదివే మనిషికి 312 పేజీలకు 26 రోజులు పడుతుంది. ఉద్యోగం, పిల్లలు ఉన్నవాళ్లకు అంతకన్నా కుదరదు. పెద్ద పుస్తకమైతే రెండు నెలలకు పంచండి. కొత్తగా వచ్చిన హార్డ్‌కవర్ 28, 30 డాలర్లుంటుంది, పేపర్‌బ్యాక్‌కు సాధారణంగా ఏడాది పడుతుంది. కాబట్టి వచ్చి ఏడాది దాటినవే తీసుకోండి. భారతదేశంలో అచ్చయిన తెలుగు అనువాదాలను చదివించాలని మనకు ఉత్సాహం ఉంటుంది. ఇక్కడి లైబ్రరీల్లో వాటి కాపీలు అరుదు. చదివించాలనుకుంటే నాలుగు నెలల ముందే తెప్పించుకునే ఏర్పాటు చేయండి, లేదా ఒక్క కథ తీసుకోండి.

ఓటుకు ప్రతి ఒక్కరూ మొదటి ఎంపికకు 3, రెండోదానికి 2, మూడోదానికి 1 మార్కు వేస్తారు. దాని మీద రెండు అడ్డుగోడలు. వరసగా రెండు నెలలు ఒకే సమాజం రచయితలు వద్దు. ప్రతి మూడు పుస్తకాల్లో ఒకటైనా బాధల పుస్తకం కానిది ఉండాలి. రెండోది పట్టుబట్టి పాటించండి. బానిసత్వం, వలస, జైలు, మళ్లీ బానిసత్వం అని వరస పెడితే నాలుగో నెలకు జనం అలిసిపోతారు. పైగా ఏడవడానికి తప్ప మన జీవితం దేనికీ పనికిరాదన్నట్టు అవుతుంది. శ్వేతేతరులు డిటెక్టివ్ నవలలు రాశారు, సైన్స్ ఫిక్షన్, ప్రేమకథలు, వంటల పుస్తకాలు రాశారు. వంటల పుస్తకం నెలలో హాజరు బాగుంటుంది, కారణం చెప్పక్కర్లేదు.

కాపీలు: లెక్క తప్పేది ఇక్కడే

చాలా లైబ్రరీలు బుక్ క్లబ్ కిట్లు ఇస్తాయి. ఒకే పుస్తకం 8 నుంచి 12 కాపీలు, ఒక సంచిలో, చర్చకు ప్రశ్నలతో సహా. గడువు మామూలు పుస్తకం కన్నా ఎక్కువ, తరచుగా ఆరు వారాలు. కిట్ ఒకరి కార్డు మీద వస్తుంది. కాపీ పోతే డబ్బు కట్టేది ఆ మనిషే. అందుకని ఎవరికి ఏ కాపీ ఇచ్చారో కాగితం మీద సంతకం పెట్టించుకోండి. మొహమాటపడితే జేబుకు చిల్లు.

కిట్ లేకపోతే అందరూ లైబ్రరీ ఈబుక్‌లు అప్పిచ్చే లిబ్బీ యాప్‌లో తీసుకుందాం అనుకుంటారు. ఒక్కసారి లెక్క వేయండి. లైబ్రరీ దగ్గర మూడు లైసెన్సులు (ఒక్కోటి ఒకసారికి ఒకరికే), ఒక్కో అప్పు 21 రోజులు, మీరు 12 మంది. నాలుగు విడతలు. చివరి ముగ్గురి చేతికి పుస్తకం వచ్చేసరికి 63 రోజులు, అంటే తొమ్మిది వారాలు దాటిపోతుంది, బయటి పాఠకులు ఎవరూ క్యూలో లేకపోతేనే సుమా. అలాంటిదే ఇంకోటి, హూప్లా యాప్, మీ లైబ్రరీలో ఉంటే అక్కడ క్యూ ఉండదు, నెలకు ఇన్ని అని పరిమితి మాత్రం ఉంటుంది. పుస్తకం ఖాయం చేసేముందే అక్కడ ఉందో లేదో చూడండి.

కాబట్టి 12 మందికి ఇలా కలపండి: లైబ్రరీ కాపీలు నాలుగు, ఈబుక్‌లో ముగ్గురు, పాతపుస్తకాల్లో దొరికినవి రెండు, కొత్తవి మూడు. వేరే ఊళ్ల లైబ్రరీల నుంచి ఇంటర్‌లైబ్రరీ లోన్ మీద తెప్పించడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఇవన్నీ ఆరు వారాల ముందు మొదలవ్వాలి. కొత్తవి కొనేటప్పుడు దగ్గర్లోని స్వతంత్ర షాపుకు చెప్పండి, బుక్ క్లబ్ అంటే చాలామంది కొంత తగ్గిస్తారు. ఊళ్లో షాపు లేకపోతే బుక్‌షాప్ డాట్ ఆర్గ్‌లో ఏదైనా షాపు పేజీ నుంచి కొనొచ్చు, పుస్తకం అచ్చు ధరలో 30 శాతం ఆ షాపుకు వెళ్తుంది. పుస్తకం మొత్తం స్కాన్ చేసి గ్రూపులో పంచడం కాపీరైట్ ఉల్లంఘన. మనం గొంతెత్తి మెచ్చుకునే రచయిత రాయల్టీకే గండి కొట్టడం.

కళ్లు ఆననివాళ్లకు, గంటల తరబడి కారు నడిపేవాళ్లకు ఆడియో వరం. 300 పేజీలంటే దాదాపు తొమ్మిది, పది గంటలు. విన్నవాళ్లు చదవనట్టు కాదని మొదటిరోజే చెప్పండి.

పిలుపు

ఒక పేజీ పోస్టర్ చాలు. లైబ్రరీ, లాండ్రీ, క్షౌరశాలలు, హలాల్ మాంసం కొట్టు, ఇండియన్ కిరాణా, మెక్సికన్ బేకరీ, మసీదు, చర్చి, గుడి. ఫేస్‌బుక్ పోస్టుకు ‘వస్తాను’ అన్నవాళ్లలో సగంమంది రారు. 20 పేర్లు ఉంటే 8 నుంచి 10 మంది వస్తారని లెక్క. అదే సరైన సంఖ్య. ఆరుగురికి తగ్గితే మౌనం బరువవుతుంది, 14 దాటితే సగంమంది మాట్లాడకుండానే ఇంటికెళ్తారు.

మీటింగ్: 105 నిమిషాల పంపకం

మొదటి 15 నిమిషాలు రావడానికి, తినడానికి, ఆలస్యానికి. అందరికీ ఇది అవసరమే, మనకు మరీను. తర్వాత 5 నిమిషాలు మాట పద్ధతి చదవడం, ప్రతి నెలా, పాతవాళ్లే ఉన్నా సరే. 15 నిమిషాలు ఒక చుట్టు: ఒక్కొక్కరూ పేరు, పుస్తకంలో ఆగిపోయిన పేజీ నంబరు ఒకటి చెప్పాలి. ‘నచ్చింది, నచ్చలేదు’ వద్దు. పేజీ నంబరు అడిగితే మాట పుస్తకంలోనే ఉంటుంది. ఆ తర్వాత 50 నిమిషాల చర్చ, 10 నిమిషాలు వచ్చే నెల సంగతులు, చివరి 10 కుర్చీలు సర్దడానికి.

చర్చ నడిపే మనిషి ఐదారు ప్రశ్నలకు మించి తేకూడదు. పదిహేను తెస్తే అది పరీక్షలా ఉంటుంది. ‘ఈ పుస్తకం జాత్యహంకారం గురించి ఏం చెప్తుంది?’ అన్నది చచ్చిన ప్రశ్న, అందరికీ జవాబు ముందే తెలుసు. ‘112వ పేజీలో తల్లి ఉత్తరాన్ని ఎందుకు దాచింది, మీరైతే దాచేవారా?’ అన్నది బతికున్న ప్రశ్న. నడిపే మనిషి ఆ రోజు తన అభిప్రాయాన్ని చివర్లోనే చెప్పాలి.

నోరు తెరవనివాళ్ల కోసం ఒక పాత పద్ధతి ఉంది. 1831లో ఫిలడెల్ఫియాలో స్వతంత్ర నల్లజాతి మహిళలు పెట్టుకున్న ఫీమేల్ లిటరరీ అసోసియేషన్‌లో సభ్యులు తమ రాతలను పేరు లేకుండా ఒక పెట్టెలో వేసేవారు, వాటిని అందరిముందూ చదివి చర్చించేవారు. మీరూ తలుపు దగ్గర ఒక పెట్టె, చీటీలు, పెన్సిళ్లు పెట్టండి. పేరు లేకుండా ఒక ప్రశ్నో మాటో రాసి వేయమనండి. చర్చ సగంలో మూడు చీటీలు తీసి చదవండి. ఆ రోజు అసలు మాట తరచుగా ఆ పెట్టెలోంచే వస్తుంది.

మాట పద్ధతి

ఐదు చాలు. కాగితం మీద పెద్ద అక్షరాలతో.

ఒకటి, ఎవరూ తమ జాతి మొత్తం తరఫున మాట్లాడరు, మాట్లాడమని ఇంకొకరిని అడగరు. ‘మీవాళ్లు దీన్ని ఎలా చూస్తారు?’ అన్న ప్రశ్న ఇక్కడ చెల్లదు.
రెండు, ఒకసారి మాట్లాడినవాళ్లు ఇంకో ముగ్గురు మాట్లాడేదాకా ఆగాలి.
మూడు, ఒకరు చెప్పిన అనుభవానికి రుజువు అడగకూడదు. పుస్తకంతో ఎంతైనా వాదించండి.
నాలుగు, ఇక్కడ విన్న సొంత కథలు బయటికి వెళ్లవు, వాట్సాప్‌కు అసలే వెళ్లవు.
ఐదు, ‘ఈసారి నన్ను వదిలేయండి’ అనే హక్కు అందరికీ ఉంది.

పుస్తకంలో జాతి దూషణ పదాలు ఉంటాయి. గట్టిగా చదివేటప్పుడు వాటిని పలకాలా వద్దా అన్నది మీటింగ్‌లో తేల్చే విషయం కాదు. ముందే తేల్చి చెప్పండి: పలకం, పేజీ చూపిస్తాం. ఇది తేల్చని క్లబ్బులో ఒకరోజు ఎవరో అమాయకంగా ఆ పదం చదువుతారు. మరుసటి నెల ముగ్గురు రారు, ఎందుకో చెప్పరు.

పది నిమిషాలు ఆపకుండా మాట్లాడే మనిషి ప్రతి క్లబ్బులోనూ ఉంటాడు. అందరిముందూ ఆపితే నొచ్చుకుంటాడు. ఆపకపోతే మిగతావాళ్లు మానేస్తారు. రెండో సూత్రాన్ని గుర్తుచేయడం మొదటి మందు. పనిచేయకపోతే వచ్చే నెల చర్చ నడిపే బాధ్యత ఆయనకే ఇవ్వండి. చాలామంది కుదురుకుంటారు.

మన మధ్యే ఉన్న గోడలు

తెల్లవాళ్లు చేసే వివక్ష గురించి మాట్లాడటం ఇలాంటి క్లబ్బులో తేలిక. ఒకరినొకరు ఎలా చూసుకుంటామన్నదే కష్టం. దాన్ని తప్పించుకునే క్లబ్ మర్యాదగా నడుస్తుంది గానీ లోతుకు పోదు.

మన ఇళ్లలో నల్లవాళ్ల గురించి ఏం మాట్లాడుకుంటామో మనకు తెలుసు. పెళ్లి ప్రకటనల్లో ఒంటి రంగు సంగతీ తెలుసు. చర్చలో ఒక తెలుగాయన ‘కష్టపడితే ఎవరైనా పైకొస్తారు, మేం రాలేదా?’ అంటాడు. అప్పుడు నల్లజాతి సభ్యులే జవాబు చెప్పాల్సి వస్తే క్లబ్ ఓడినట్టే. నిర్వాహకుల్లో ఉన్న ఆసియా మనిషి ఆ మాట అందుకోవాలి. అందుకోవడానికి చరిత్ర దగ్గర పెట్టుకోవాలి. దేశాల వారీ కోటాలను ఎత్తేసి మనకు తలుపు తెరిచిన వలస చట్టం 1965లో వచ్చింది, పౌర హక్కుల పోరాటం నడుస్తున్న రోజుల్లోనే. పైగా ఆ తలుపులోంచి మొదట్లో వచ్చిన మనవాళ్లలో ఎక్కువమంది చదువు, వృత్తి చూసి ఎంపికైనవాళ్లు. ‘మేం రాలేదా’ అన్న వాక్యంలో ఇదంతా మాయమవుతోంది.

ఇక కులం. ఇద్దరు ముగ్గురు భారతీయులున్న ఏ క్లబ్బులోనైనా అది గదిలోనే ఉంటుంది, ఎవరూ ఎత్తకపోయినా. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను చట్టంలో నిషేధించాక నల్లజాతి, లాటినో సభ్యులు నేరుగా అడగడం మొదలుపెట్టారు. దాటవేయకండి, ఒక నెల దానికే ఇవ్వండి. కులం మీద పోరాటానికీ అమెరికా నల్లవాళ్ల పోరాటానికీ పాత బంధుత్వం ఉంది. జోతిరావు ఫూలే 1873లో తన ‘గులాంగిరి’ని బానిసత్వ నిర్మూలనకు పోరాడిన అమెరికన్లకు అంకితమిచ్చారు. 1946లో అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాస్తే ఆయన జవాబిచ్చారు. అంబేద్కర్ 1936 నాటి ‘కుల నిర్మూలన’ ఇంగ్లిషు పాఠం, వివరణలతో సహా, ఆయన చదువుకున్న కొలంబియా యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. కాపీల బెంగ లేదు, రెండు నెలల ముందు చెప్పక్కర్లేదు. ఆ మీటింగ్‌లో ఎవరి కులమూ ఎవరూ అడగకూడదు, ఇంటిపేరు బట్టి ఊహించకూడదు. దళిత సభ్యులుంటే ‘మీ అనుభవం చెప్పండి’ అని వాళ్ల వైపు తిరగకూడదు. మొదటి సూత్రం అక్కడా వర్తిస్తుంది.

డబ్బు, పిల్లలు

ఫీజు పెట్టొద్దు. టీ, చిరుతిండికి నెలకు 20, 30 డాలర్లు అవుతుంది. బల్ల మీద ఒక కవరు పెట్టండి, లేదా వంతులవారీగా తెమ్మనండి. పల్లీలు, జీడిపప్పు అలర్జీ ఎవరికైనా ఉందేమో ముందే కనుక్కోండి. శాకాహారం, హలాల్ రెండూ ఆలోచిస్తే చివరికి పండ్లు, చిప్స్, సమోసాల దగ్గర తేలతారు. పిల్లల్ని లైబ్రరీ పిల్లల విభాగంలో వదిలేయొచ్చు అనుకుంటారు. ఏ వయసు వరకు పెద్దవాళ్లు పక్కన ఉండాలన్నది ఆ లైబ్రరీ నియమం చూసుకోవాలి. ఒక హైస్కూల్ పిల్లకు గంటకింత ఇచ్చి గదిలోనే ఒక మూల బొమ్మలతో కూర్చోబెట్టడం మేలు.

నాలుగో నెల తర్వాత

కొత్తదనం పోయాక హాజరు పడిపోవడం మామూలే. నలుగురే వచ్చినా మీటింగ్ రద్దు చేయకండి. ఒకసారి రద్దయిన తేదీని జనం మళ్లీ నమ్మరు. ఈమెయిళ్లు రెండే చాలు: రెండు వారాల ముందు ఒకటి, రెండు రోజుల ముందు ఒకటి. రానివాళ్లను ‘ఎందుకు రాలేదు’ అని అడగొద్దు, ‘సమయం కుదరట్లేదా, పుస్తకం కుదరట్లేదా, గది కుదరట్లేదా’ అని మూడు ఎంపికలిచ్చి అడగండి. ఎవరు మానేస్తున్నారో కూడా చూడండి. ఒకే సమాజంవాళ్లు వరసగా తగ్గుతుంటే అది సమయం సమస్య కాదు. ఆ సమాజం నుంచి ఉన్న నిర్వాహకులు ఒకరిద్దరితో విడిగా టీ తాగుతూ మాట్లాడితే అసలు సంగతి తెలుస్తుంది.

వరసగా మూడు నెలలు 14 మంది దాటితే రెండుగా విడదీయండి. పుస్తకం ఒకటే, గదిలో రెండు వలయాలు, చివరి పది నిమిషాలు కలిసి. స్నేహితులంతా ఒకవైపు చేరకుండా చీటీలు వేయండి. ఏడాది పూర్తయ్యేసరికి ముగ్గురు నిర్వాహకుల్లో కనీసం ఒకరు దిగిపోయి కొత్తవాళ్లకు చోటివ్వాలి. దిగేముందు ఈమెయిల్ జాబితా, లైబ్రరీ బుకింగ్ లాగిన్, కిట్ల సంతకాల కాగితం, బుకింగ్ ఏ రోజు మొదలవుతుందో రాసిన క్యాలెండర్, ఈ నాలుగూ అప్పగించాలి.